మా నీరటి, నేను పూడ్చిన కాలువ

మా ఊరి నీరటి పోయాడన్న మాట నాకు సిద్దిపేట ఎద్దుల అంగట్లో తెలిసింది. ఒక ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తున్నాను. మా ఊరి బండి ఒకటి పక్కన వచ్చి ఆగింది. తోలుతున్న మనిషి కిందికి దిగనైనా దిగలేదు.

"పటేలా, నీరటి పోయిండు. పొద్దుగాల తూము కాడికి పోతనని లేసిండట. ఇంటి కడప దాటలే."

నా చెయ్యి ఎద్దు నోట్లోనే ఉండిపోయింది. అమ్మేవాడు "కొంటవా, కొనవా?" అని రెండుసార్లు అడిగాడు. ఎద్దును వదిలేసి ఆ బండే ఎక్కి ఇంటిదారి పట్టాను. రోహిణి కార్తె ఎండ. కొండపాక దారి పొడుగునా చెలకలు తెల్లగా మెరుస్తున్నాయి. బండివాడు ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఒక్క ముక్క వినలేదు.

నేను రాసేవాణ్ణి కాదు. చిన్నప్పుడు వీధి బడిలో ఇసుక మీద దిద్దినవే నా అక్షరాలు. ఒక్కో మాటకు తడుముకుంటూ రాస్తున్నాను. అక్షరాల్లో తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి. చెప్పే సంగతిలో మాత్రం తప్పు లేదు. మా నీరటి పేరు మీద ఒక నింద ఉంది. అది వేసింది నేను. దాన్ని తీసేయకుండానే ఆయన్ని మట్టిలో పెట్టాం. అందుకే ఈ రాత.

నీరటి అంటే తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. చెరువు తూము తెరిచేది, మూసేది, ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పారాలో చూసేది నీరటి. ఊరి పంటంతా ఆయన చేతిలో ఉంటుంది. ఆయనకు మాత్రం గుంటెడు భూమి ఉండదు.

ఇంకొకటి. ఇక్కడ 'ఆయన' అని రాస్తున్నాను. బతికుండగా ఎన్నడూ అట్లా అనలేదు. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. అయినా నాకు నోరు తెరిస్తే "ఏం రా నీరటీ" అనే వచ్చేది. ఊళ్ళో భూములున్నవాళ్ళం అందరం అట్లాగే పిలిచేవాళ్ళం. ఆయన మమ్మల్ని 'పటేలా' అనేవాడు. ఆ పిలుపుల తేడాలో వంకర ఉందని నాకు అప్పుడు తోచలేదు.

ఆయన్ని మోసుకుపోయిన రోజు ఊరంతా వచ్చింది. మట్టి వేసి తిరిగి వస్తుంటే మా బామ్మర్ది నా పక్కన నడిచాడు. మా ఇంటామె తమ్ముడు, నా మడికి కింది మడి అతనిదే. తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ అన్నాడు.

"మంచోడే బావా. గసొంటోడు మల్ల దొరుకడు. గని నీ మడి ఒక్కటి చెడగొట్టిండు సూడు, గదొక్కటే మచ్చ."

వెనక నడిచేవాళ్ళు "అవ్, అవ్" అన్నారు. నేను తల దించుకుని నడిచాను. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మా ఇంటామె చెంబుతో నీళ్ళు పోస్తూ మెల్లగా అడిగింది: "గిప్పుడన్న చెప్తవా? ఆయన లేడు, నవ్వెటోడు లేడు." అంతా తెలిసిన మనిషి ఆమె. ఇన్నేళ్ళు నా పరువు కోసం నోరు మూసుకుంది.

ఇక ఆయన సంగతి.

ఆయనకు కుడిచేతి చిటికెన వేలు సగమే ఉండేది. పడుచుదనంలో తూము బండ కింద పడి నలిగిందట. పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కూర్చుంటే కూరలో ఆ పొట్టివేలు ముంచి రుచి చూసేవాడు. "గీ ఏలు చెరువు తిన్నది, మిగిలినయి నేను తింట" అనేవాడు. చెప్పులు తొడగడం నేను చూడలేదు. మడి ఒరం మీద, అంటే గట్టు మీద నడిస్తే ఒట్టి కాలితోనే నడవాలనేవాడు. ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ కింద ఊట ఉందో కాలే చెబుతుందట. ఆయన వెనక నేను చెప్పుల కాళ్ళతో టకటక నడిస్తే ఆగి వెనక్కి చూసేవాడు.

"పటేలా, నీ కాళ్ళు మంచిగున్నయి. నీ మడికేమైందో నీ చెప్పులకు ఎర్క."

నాకు కోపం వచ్చేది. నవ్వు కూడా వచ్చేది. ఆయన ముందు మాత్రం నవ్వేవాణ్ణి కాదు.

ఆయనకు ఒక అలవాటుంది. ఎండాకాలంలో అనుమానం వచ్చిన మడిలో నాలుగు మూలలా జానెడు లోతు తవ్వి మన్ను తీసేవాడు. కుండలో తెచ్చిన నీళ్ళతో తడిపి, పిడికిట్లో గట్టిగా పిసికి, నాలుగు ముద్దలు చేసి ఒరం మీద వరుసగా పెట్టేవాడు. నాలుగైదు రోజులు ఎండనిచ్చేవాడు. ముద్ద నల్లగా ఎండితే మన్ను బాగున్నట్టు. అంచుల మీద ఉప్పులాగా తెల్లటి పూత లేస్తే ఆ మూలకు చౌడు పడుతున్నట్టు. చౌడు పట్టిన మడిలో వరి నాటితే మూరెడు కూడా లేవదు, పసుపు పచ్చగా మారి చచ్చిపోతుంది. చూడటం అయిపోయాక ముద్దల్ని మళ్ళీ ఏ మూలవి ఆ మూలలోనే చిదిమి వేసేవాడు. ఒక్క ముద్ద కూడా బయట పారేయడు. ఎందుకని అడిగితే ఒకటే మాట: "మడి మన్ను మడికే."

నా మడి చెరువు కట్టకు ఆనుకునే ఉంటుంది. అంతకన్నా మంచి మన్ను మా ఊళ్ళో లేదు. కట్ట కింద ఊట ఉంటుంది కాబట్టి ఎప్పుడూ తేమ ఆరదు. మా తాత నాడు ఆ మడి అడుగు అంచున నడుము లోతు కాలువ తవ్వించాడు. ఎక్కువైన నీరు, మన్నులోంచి దిగిన ఉప్పు ఆ మురుగు కాలువలోంచి వాగులోకి పోయేవి. మా నాయిన ఏడాదికి ఒక్క వరే వేసేవాడు. వానకాలం వరి కోశాక యాసంగిలో పెసర చల్లేవాడు, లేదా ఊరికే ఎండబెట్టి గొర్ల మంద పెట్టించేవాడు. నేనూ చాలా ఏళ్ళు అట్లాగే చేశాను.

యుద్ధం రోజులు వచ్చాయి. సర్కారుకు పంటలో వంతు లెవీ ధాన్యం పోయాలన్నారు. తిండిగింజలకు ఎక్కడ లేని గిరాకీ వచ్చింది. బండ్లకు బండ్లు సిద్దిపేటకు పోయేవి. లెవీ సాకుతో మొదలుపెట్టాను గాని నిజం అది కాదు. ఊళ్ళో అందరికన్నా నా కల్లంలో వడ్ల కుప్ప ఎత్తుగా ఉండాలని నా పట్టు. వానకాలం వరి, యాసంగి వరి, మళ్ళీ వానకాలం వరి. నాలుగేళ్ళు ఆ మడి ఒక్క నెల కూడా ఎండ చూడలేదు. పెసర లేదు, గొర్లు లేవు. మొదటి రెండేళ్ళు పండింది. నేను మీసం మీద చెయ్యి వేసుకుని తిరిగాను.

అది చాలక మురుగు కాలువ మీద నా కన్ను పడింది. అంత వెడల్పు జాగ ఊరికే పోతోందనిపించింది. రెండో ఏడు ఎండాకాలంలో దాన్ని పూడ్చి మడిలో కలిపేశాను. కలిసిందెంత? నాలుగు సాళ్ళ వరి. ఆ నాలుగు సాళ్ళ కోసం తాత తవ్వించిన కాలువను పూడ్చాను.

పూడ్చిన రెండో రోజే నీరటి వచ్చి ఆ అంచున నిలబడ్డాడు. పార భుజం మీది నుంచి దించలేదు.

"పటేలా, గిదేంది?"

"కనవడుతలేదా? మడి పెద్దగ చేసిన."

"నీళ్ళెట్ల పోతయి?"

"పోనియ్యనే పోనియ్య. నువ్వు ఇడిసిన నీళ్ళు నా మడిల్నే ఉంటయి. నీకేం నష్టం రా?"

ఆయన పూడ్చిన మన్నును ఒట్టి కాలితో నొక్కి చూశాడు. "నీళ్ళొచ్చే దారి అందరు సూస్తరు పటేలా. పోయే దారి ఎవ్వరు సూడరు. ఎద్దుకు కడుపుబ్బితె ఒర్రుతది. మడి ఒర్రదు. జర సూస్కో."

"తూము సంగతి నువ్వు సూడు. మన్ను సంగతి మా తాతల నాటి సంది మాకెర్కనే."

ఆయన వంగి కాస్త మన్ను తీసి చేతిలో నలిపి అక్కడే వేశాడు. వెళ్ళిపోయాడు. నేను ఆయన వెనక ఒక వెకిలి మాట కూడా అన్నాను. అది ఇక్కడ రాయలేను.

మరుసటి ఏడు మడి మధ్యలో చాపంత మచ్చ పడింది. నారు ఎర్రబారింది. విత్తనం బాగా లేదనుకున్నాను. ఆ పై ఏడు మచ్చ కల్లమంత అయింది. ఎండాకాలం వచ్చేసరికి మడి మీద తెల్లటి పొడి లేచింది. కాలు పెడితే గుల్లగా చప్పుడయ్యేది. ఒకరోజు పొద్దున మా ఊరి చాకలామె గంప నెత్తిన పెట్టుకుని నా ఇంటి ముందుకు వచ్చింది. బట్టల మురికి పోవడానికి చౌడు మన్ను వాడతారు, ఎప్పుడూ వాగు అవతలి బీడు నుంచి తెచ్చుకుంటారు.

"పటేలా, గంత దూరం పోవుడెందుకు, నీ మడిల చౌడు మస్తుగున్నదంటున్నరు. రెండు గంపలు గీక్కపోదునా?"

ఆమె ఎగతాళి చేయలేదు. మామూలుగానే అడిగింది. చుట్టుపక్కల నాలుగు ఇళ్ళవాళ్ళు విన్నారు. వడ్లు పండే మడి బట్టలుతికే మన్నుకు పనికొచ్చే దాకా వచ్చింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. నేను చేసింది వేరు. ఊరి పెద్దల్ని కూడగట్టి నీరటి మీద ఫిర్యాదు చేశాను. వంతు మించి నీరు వదిలాడు, రోజుల తరబడి తూము మూయలేదు, అందుకే నా మడి చౌడు పట్టిందని చెప్పాను. చావడి ముందు అందరూ కూర్చున్నారు. ఆయన ఒక పక్కన నిలబడ్డాడు. నేను ఆయన నోటివైపే చూస్తున్నాను. ఆయన ఒక్క మాట అంటే చాలు. "కాలువ ఏమైందో అడగండి" అంటే చాలు. అప్పటికి కాలువ జాగలో వరి మొదళ్ళు ఉన్నాయి. కొత్తగా చూసేవాడికి అక్కడ కాలువ ఉన్నట్టే తెలియదు. మా బామ్మర్ది కూడా అది ఒండ్రు పట్టి తానే పూడిపోయిందనుకున్నాడు. ఆ పూడ్చిన రోజుల్లో అతను వాళ్ళ అత్తగారి ఊరు రాయపోల్‌లో ఉన్నాడు.

పెద్దమనిషి ఒకాయన అడిగాడు: "ఏమంటవ్ రా? పటేలు చెప్పింది నిజమేనా?"

ఆయన నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. "నీళ్ళు ఎక్కువైనయి. నిజమే" అన్నాడు.

అంతే. ఆ ఏడు ఆయన్ని తూము దగ్గరికి రావద్దన్నారు. ఆ పని ఇంకొకరికి ఇచ్చారు. నేను గెలిచి ఇంటికి వచ్చాను. మా ఇంటామె నా ముందు అన్నం పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వానకాలం కొత్తవాడి చేతిలో నీరు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. కట్ట దగ్గరి మడులు మునిగాయి, చివరి మడులు ఎండాయి. పంట చేతికి రాకముందే చివరి మడులవాళ్ళు నీరటి గుడిసె ముందు నిలబడి బతిమాలారు. ఆయన పార తీసుకుని తూము దగ్గరికి పోయాడు. తూము ఆయనకు తిరిగి వచ్చింది. నింద మాత్రం పోలేదు. ఆ నోటా ఈ నోటా చుట్టు పది ఊళ్ళకు పాకింది. మన్ను ఎరిగిన మనిషిని, మన్ను చెడగొట్టినవాడన్నారు.

పని లేని ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆయన నా మడి దగ్గరికి వచ్చాడు. నేను తెల్లటి నేలను చూస్తూ ఒరం మీద కూర్చున్నాను.

"పటేలా, కాల్వ తెర్వాలె."

నేను తల తిప్పుకున్నాను.

"నీ కోసం అంటలేను. నీ మడిల ఊట కింది మడికి ఎక్కుతున్నది. మీ బామ్మర్ది మడి మూలల ముద్ద వెట్టి సూసిన. తెల్లగైంది. గీ ఏడు తెర్వకపోతె గది కూడ పోతది. గది పోతె దాని కిందిది. చౌడుకు గెట్టు లేదు."

అని పారతో మొదటి దెబ్బ వేశాడు. సరిగ్గా తాత నాటి అంచు మీదే వేశాడు. అది అంత బాగా గుర్తుంది ఆయనకు. నేను లేచి ఇంటికి పోయి నా పార తెచ్చాను. ఇద్దరం తవ్వాం. రెండు రోజులు తవ్వాం, చూసినవాళ్ళు కొత్త కాలువ అనుకున్నారు. మూడో రోజు చివరి మట్టి తీస్తే మడిలోంచి ఊట నీరు మెల్లగా కాలువలోకి దిగింది. టీ రంగులో, నురగతో. ఆయన పొట్టివేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ముఖం చిట్లించి ఉమ్మేశాడు. "సూడు, ఎన్నేండ్లది దాసినవో" అన్నాడు.

అప్పుడు అడిగాను. అడగటానికి నాకు మూడు రోజులు పట్టింది.

"చావడి కాడ ఎందుకు చెప్పలే?"

ఆయన పార కడుగుతూ అన్నాడు. "చెప్తే నిన్ను సూసి ఊరు నవ్వుతది. నువ్వు నవ్వులు పడెటోనివి గాదు. పంతానికి పోతవు. కాల్వ ఇగ సచ్చినా తెర్వవు. మడి సచ్చిపోతది. నా తూమంటవా, ఊరికి నీళ్ళు గావాలె, మల్ల నన్నే పిలుస్తరు." కాస్త ఆగి మళ్ళీ అన్నాడు: "మడిని ఎవ్వరు పిలువరు పటేలా."

నన్ను నాకన్నా బాగా చదివాడు. నాకు కోపం కూడా రాలేదు. నేను చేయవలసింది ఆ రోజే చావడికి పోయి చెప్పడం. వచ్చే వారం చెబుదామనుకున్నాను. పంట చేతికి వచ్చాక అనుకున్నాను. అట్లా ఏళ్ళు పోయాయి. ఆయన ఎన్నడూ గుర్తు చేయలేదు.

మడిని బాగు చేసే పని ఆయన చెప్పినట్టే చేశాను. తెల్లటి పొడిని గీకి బయట పోయించాను. యాసంగి వరి మానేశాను. వానకాలంలో వాన నీరు నిలబెట్టి, కలియదున్ని, మర్నాడు కాలువలోకి వదిలేయడం. మళ్ళీ పెట్టడం, మళ్ళీ వదలడం. కానుగ రొట్ట, తంగెడు రొట్ట తెచ్చి తొక్కించాను. గొర్ల మందను మళ్ళీ పిలిపించాను. ఎండిన చెరువు నుంచి ఒండ్రు మన్ను తోలించాను. ప్రతి ఎండాకాలం ఆయన కుండతో వచ్చి నాలుగు ముద్దలు పెట్టేవాడు. మొదటి ఏడు నాలుగూ తెలుపు. తర్వాత మూడు. తర్వాత రెండు. మా నాయిన నాటి పంట మాత్రం మళ్ళీ రాలేదు. నేను బతికుండగా వస్తుందన్న ఆశ కూడా లేదు. చెడగొట్టడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. బాగు చేయడానికి నా వయసు చాలడం లేదు.

పోవడానికి వారం ముందు కూడా ఆయన వచ్చాడట. జ్వరం మీదే వచ్చాడట. నేను ఊళ్ళో లేను. "ముద్దలు వెట్టిన, పటేలుకు చెప్పు, నేనొచ్చి సూస్త" అని మా ఇంటామెతో చెప్పిపోయాడు.

పదకొండో నాడు ఆయన గుడిసె ముందు ఊరు కూడింది. ఆ రోజు నేను లేచి నిలబడ్డాను. కాలువ పూడ్చింది నేనని, ఆయన ముందే చెప్పాడని, చావడిలో అబద్ధమాడింది నేనని చెప్పాను.   ఒకరిద్దరు నేల చూశారు. మా బామ్మర్దే అన్నాడు: "గిప్పుడు చెప్తె ఏం ఫాయిద బావా? వినెటోడున్నడా?"

 నీరటి భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అంది: "ఆయనకెర్క. నాకెర్క. ఊరోళ్ళకే ఎర్క లేకుండె. ఇగ కూసో పటేలా."

కూర్చున్నాను. నా నోటి మాట మా ఊరి పొలిమేర దాటదు. నింద పది ఊళ్ళు తిరిగింది. అందుకని ఇది కాగితం మీద పెట్టాను. చదివినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఆ మాట అంటే ఈ మాట చెప్పండి.

ఆ సాయంత్రం మడి దగ్గరికి పోయాను. చెప్పులు చేత్తో పట్టుకుని ఒరం మీద నడిచాను. నాలుగు ముద్దలూ వరుసగా ఉన్నాయి. మూడు నల్లగా ఎండాయి. నాలుగోది నేను కాలువ పూడ్చిన అంచు మూలది. దాని అంచున ఇంకా సన్నటి తెలుపు ఉంది. ప్రతి ముద్ద మీద పిడికిలి గుర్తు. మూడు వేళ్ళ గుంటలు లోతుగా, పక్కన ఒక పొట్టివేలి గుంట.

పడమట మబ్బు కమ్మింది. మూడు ముద్దల్ని ఏ మూలవి ఆ మూలలో చిదిమి వేశాను. నాలుగోది చేతిలోకి తీసుకున్నాను గాని చిదమలేకపోయాను. ఇంటికి పట్టుకుపోదామా అనిపించింది. ఆయన అది ఒప్పడు. మళ్ళీ ఉన్న చోటే పెట్టి పక్కన కూర్చున్నాను. మొదటి చినుకులు పెద్దవిగా పడ్డాయి. ముద్ద మీద మట్టి వాసన లేచింది. అన్నిటికన్నా ముందు ఆ పొట్టివేలి గుంటలో నీరు నిలిచింది. నిండింది. అంచు కరిగి, తెల్లటి చారతో సహా, మెల్లగా మడిలోకి జారింది.